పందొమ్మిది గళ్ల సున్నుండ

కొల్లివారిపాలెం బడి ఐదో తరగతి పిల్లలు గూడబాతుల్ని చూడలేకపోవడానికి కారణం దూరం కాదు. కొంగలమెట్ట మడుగు ఆ ఊరికి ఇరవై ఆరు కిలోమీటర్లే. బండి లేకా కాదు, పక్క ఊరి కాలేజీ వాళ్లు తమ పసుపు బస్సు ఒకరోజు ఊరికే ఇస్తామన్నారు. పక్షులు రాకా కాదు. కార్తీకంలో చలి మొదలవగానే వందలకొద్దీ దిగి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచి, ఉగాది దాటేసరికి సంసారమంతా వెంటేసుకుని పోతాయి. మరి కారణం ఏమిటయ్యా అంటే, చిరుతిండి.

నవ్వకండి. ఇది ప్రభుత్వ వ్యవహారం.

కొన్నేళ్ల కిందట ఎక్కడో విహారయాత్రకు వెళ్లిన పిల్లవాడొకడు మిరపకాయ బజ్జీ తిని వాంతి చేసుకున్నాడట. ఆ వాంతి సరాసరి ఒక పెద్ద అధికారి బూట్ల మీద పడిందట. ఇంకెవరి బూట్ల మీద పడినా కథ అక్కడితో ముగిసేదే. అధికారి బూట్లయ్యేసరికి ఒక కమిటీ పడింది, కమిటీ ఒక నివేదిక రాసింది, నివేదికలోంచి నూట పన్నెండు పేజీల నియమావళి పుట్టింది. దాన్ని అమలు చేయడానికి జిల్లాకో ఉపాహార ప్రమాణ మండలి వెలిసింది. ఇక మీదట ఏ బడి పిల్లలు ఏ యాత్రకు పోవాలన్నా ముందు చిరుతిండికి అనుమతి రావాలి. అందుకొక ఫారం. ఫారంలో పందొమ్మిది గళ్లు. చిరుతిండి విరగకూడదు, కారకూడదు, కరగకూడదు, చేతికంటకూడదు, గాలికెగరకూడదు, చప్పుడు చేయకూడదు, చీమల్ని పిలవకూడదు. అన్ని గళ్లలోనూ టిక్కు పడితేనే బస్సు కదలాలి.

సుభాషిణి టీచరు ఈ పందొమ్మిది గళ్లతో మూడేళ్లుగా కుస్తీ పడుతోంది. మంచి మనిషే గానీ ముక్కు మీద కోపం. కోపం వచ్చినప్పుడల్లా చేతిలో సుద్దముక్క పుటుక్కున విరుస్తుంది. నియమావళి వచ్చినప్పటి నుంచీ ఆ బడిలో సుద్దముక్కల ఖర్చు రెండింతలయింది.

మొదటి ఏడాది జంతికలు రాసి పంపింది. రెండు నెలలకి జవాబొచ్చింది: "నమలునపుడు వెలువడు కరకర ధ్వని వలన విహంగముల దాంపత్య జీవనమునకు భంగము వాటిల్లు అవకాశము కలదు. తిరస్కరించడమైనది." అరటిపళ్లు రాసింది. "తొక్క వలన పాదచారుల భద్రతకు ముప్పు" అన్నారు. మరమరాలంటే గాలికెగురుతాయన్నారు, వేరుశనగ అచ్చంటే పిల్లల పళ్లు విరుగుతాయన్నారు. ఈలోగా ఉగాది వెళ్లిపోయింది, పక్షులూ వెళ్లిపోయాయి, ఐదో తరగతి పిల్లలు ఐదు మైళ్ల అవతలి హైస్కూలుకు వెళ్లిపోయారు.

రెండో ఏడాది బూందీ లడ్డు దాదాపు గట్టెక్కింది. పద్దెనిమిది గళ్లలో టిక్కు పడింది. పందొమ్మిదో గడి సమానత్వం. "ఒక్కొక్క లడ్డునందలి బూందీ సంఖ్య సమానమని ధ్రువీకరించవలెను" అని రాశారు. టీచరు వారం రోజులు లెక్కల పీరియడ్లో పిల్లలచేత లడ్డులు విడదీయించి బూందీ లెక్కపెట్టించింది. ఒకదాంట్లో రెండొందల పన్నెండుంటే ఒకదాంట్లో నూట తొంభై ఆరుంది. లెక్క తేలేలోగా కొంత బూందీ పిల్లల కడుపుల్లో తేలింది. ఆ ఏడు కూడా పక్షులు ఆగలేదు. పక్షులకి నియమావళి పంపలేదు మరి.

ఇది మూడో ఏడు. నలభై ఒక్క మంది పిల్లలు. జులైలోనే పాఠంలో గూడబాతు బొమ్మ చూపించి, "ఈసారి మిమ్మల్ని తీసుకెళ్తా, ఒట్టు" అని నోరు జారింది టీచరు. బాజీ అనే పిల్లవాడు ఆ రోజే తరగతి గోడ మీద బొగ్గుతో గూడబాతుని గీశాడు. అది సంచి పట్టుకుని రేషన్ షాపుకి పోతున్న బాతులా ఉంది. దానికింద రోజూ ఒకరు ఒక గీత గీస్తారు, టీచరు మాటిచ్చి ఇన్ని రోజులైందని. ఫిబ్రవరి వచ్చేసరికి గీతలు కిటికీదాకా పాకాయి. టీచరు ఆ గోడకి వీపు పెట్టి పాఠం చెప్పేది. రెండు బ్యాచ్‌లకి మాట తప్పింది. మూడోసారి తప్పితే ఇక పిల్లల మొహం ఎలా చూడటం?

"టీచర్," అని లేచింది తిరుపతమ్మ, కుమ్మరి కోటయ్య కూతురు. "గూడబాతు ముక్కు కింద సంచిలో చేపలేసుకుని పోద్ది గదా. దానికి పర్మిషన్ ఎవురిచ్చారు?"

సుద్దముక్క విరిగింది.

మధ్యాహ్న భోజనం వండే మరియమ్మ గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నది. "సున్నుండ పెట్టు టీచర్," అంది తేలిగ్గా. "నల్ల మినుములు పొట్టుతో వేయించి, బెల్లమేసి, చుక్క నెయ్యేసి గట్టిగా కడతా. పగలదు, కారదు, మోగదు. ఆళ్ల తాత దిగొచ్చినా పేరు పెట్టలేడు."

అలా ఒక సున్నుండ స్టీలు డబ్బాలో కూర్చుని జిల్లా కేంద్రానికి బయల్దేరింది, ఒళ్లో పెట్టుకుని సుభాషిణి టీచరు.

మండలిలో ఉపాహార సమన్వయాధికారి ఏకాంబరం గారు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన కాగితంలా ఉంటాడు. సున్నుండని పట్టకారుతో పట్టుకుని తూచాడు. సరిగ్గా నలభై గ్రాములు. చుట్టుకొలత తీశాడు. బల్ల ఎత్తు నుంచి వదిలాడు. దొర్లింది గానీ పగల్లేదు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఒక్కో గడిలో టిక్కు పెడుతుంటే టీచరు ప్రాణం ఒక్కో మెట్టు పైకి లేస్తోంది. చీమల గడి దగ్గర కలం ఆగింది.

మూల బల్ల మీద గాజు పెట్టెలో చీమలున్నాయి. మండలి వారి సొంత చీమలు. ఏకాంబరం గారు వాటివైపు జాలిగా చూశాడు. "మన చీమలు ఆదివారం నుంచి అస్వస్థతగా ఉన్నాయమ్మా. నిన్న వచ్చిన పాకం గారెలు వాటికి పడలేదు. పిపీలికా పరీక్షను తుది దశకు వాయిదా వేస్తున్నాను."

"రుచి గడి ఏదండీ? కనపడట్లేదు," అంది టీచరు, ఫారం తిరగేస్తూ.

"రుచి వ్యక్తిగత విషయం. మండలి వ్యక్తిగత విషయాల్లో జోక్యం చేసుకోదు." ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. "ఇక ప్రయాణ పరీక్ష. మీ నలభై ఒక్క నమూనాలూ పర్యటన స్థలానికి వెళ్లి, అక్కడ అయిదు గంటలు గడిపి, యథాతథ స్థితిలో తిరిగి రావాలి. మూడు రోజుల తర్వాత ఇక్కడ తుది పరీక్ష."

"పిల్లలతోనేగా?"

"పిల్లలు వెళ్తే అది పర్యటన అవుతుంది. పర్యటనకి ఇంకా అనుమతి లేదు కదమ్మా! చిరుతిండి మాత్రమే వెళ్తుంది."

గోడ మీద ఫోటో చూపించాడు. ఒక బస్సు, కిటికీకొక బిస్కెట్ పొట్లం, ఒక్కోదానికి ఒక్కో గుమస్తా. కిందటేడు ఏదో మండలం నుంచి అరవై పొట్లాలు ఒక కోట చూసి వచ్చాయట. గైడు వాటికి చరిత్రంతా వివరించాడట. పిల్లలు మాత్రం ఇంకా వెళ్లలేదు. తిరుగు ప్రయాణంలో ఒక పొట్లం మూల నలిగింది.

టీచరుకి చేతిలో సుద్దముక్క లేకపోవడం ఏకాంబరం గారి అదృష్టం. ఫోటో వంకే చూస్తూ నిలబడింది. అప్పుడు మెరిసింది బుర్రలో.

"ఈ గుమస్తాలెందుకండీ?"

"వాహకులు. నియమం ముప్పై రెండు. ఒక్కో నమూనాకి ఒక్కో వాహకుడు బాధ్యత వహించాలి. చేతిలోంచి వదలరాదు."

"మా బళ్లో హెడ్మాస్టరు గారూ, నేనూ, మరియమ్మా. ముగ్గురం నలభై ఒక్క పొట్లాలు ఎలా పట్టుకుంటామండీ? వాహకుడికి వయసెంత ఉండాలో రాశారా?"

ఏకాంబరం గారు పేజీలు తిప్పాడు. ముందుకి తిప్పాడు, వెనక్కి తిప్పాడు, అనుబంధాలు చూశాడు. "పేర్కొనలేదు," అన్నాడు, నేరం ఒప్పుకున్నట్టు.

"ఎత్తు?"

"అదీ లేదు."

"అయితే నలభై ఒక్క మంది వాహకుల పేర్లు రేపు పంపిస్తానండి." టీచరు పెదాలు బిగబట్టుకుంది. "ఒక్క సందేహం. వాహకులు అక్కడ పక్షుల వంక చూడొచ్చా?"

ఆయన మళ్లీ పేజీలు తిప్పాడు. "చూపు మా పరిధిలోకి రాదు," అన్నాడు. "కానీ నమూనాలు తినరాదు. వేరే ఆహారం బస్సెక్కరాదు, వాసన అంటుకుంటుంది. కవర్ల మీద మండలి ముద్ర చీటీలు అతికించి ఉంటాయి. ఒక్క చీటీ చిరిగినా పరీక్ష రద్దు. మళ్లీ వచ్చే విద్యాసంవత్సరమే."

మార్చి పదిహేడున, ఉగాదికి వారం ముందు, పసుపు బస్సు బయల్దేరింది. హెడ్మాస్టరు పట్టాభి గారు మాత్రం రానన్నాడు. "నాకింకా ఆరు నెలల సర్వీసుందమ్మా సుభాషిణీ, నన్నొదిలెయ్," అని దణ్ణం పెట్టి, గేటు దగ్గరే నిలబడి చెయ్యూపాడు. కిటికీకొక పిల్ల, పిల్లకొక పొట్లం, మెడలో 'నమూనా వాహకుడు' అని అట్టముక్క. బస్సు ఊరు దాటేదాకా రెండు చేతులా పొట్లం పట్టుకుని మఠం వేసుకున్న స్వాముల్లా కూర్చున్నారు. ఊరు దాటాక ఒకటే గోల.

మడుగు గట్టెక్కగానే ఆ గోల ఠక్కున ఆగిపోయింది.

తుమ్మచెట్ల నిండా గూడబాతులే. కొమ్మ కనిపించడం లేదు. పిల్ల పక్షులు తల్లి సంచిలో తలకాయ మొత్తం దూర్చి చేపలు లాక్కుంటున్నాయి. ఒక పెద్ద పక్షి రెక్కలు చాచి వాళ్ల నెత్తి మీదుగా, ఇంత కిందుగా, గాలి మొహానికి కొట్టేలా వెళ్లి నీళ్ల మీద దిగింది. నలభై ఒక్క నోళ్లు తెరుచుకున్నాయి.

"టీచర్," అన్నాడు బాజీ. "నేను తప్పు గీశా టీచర్. చాలా తప్పు గీశా." వాడి కళ్లల్లో నీళ్లు. సుభాషిణి టీచరుకి ఏడుపాగలేదు, ఆపుకోనూ లేదు. ముక్కు చీదుకుని నవ్వింది, మళ్లీ ఏడ్చింది. ఆ సంతోషం ముందు నూట పన్నెండు పేజీలూ పేలపిండిలా ఎగిరిపోయాయి.

కానీ పన్నెండున్నరయింది. కడుపులు పరిధిలోకి వచ్చాయి. పొద్దున్న ఆరింటికి ఇంత చద్దన్నం తిని వచ్చిన పిల్లలు. చేతుల్లో సున్నుండలు, ముద్ర చీటీల వెనక నుంచి నెయ్యి వాసన. అందరూ పొట్లాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని గూడబాతు పిల్లలు తినడం చూస్తున్నారు.

ఆఖరికి అందరిలోకీ చిన్నది ఒకత్తి అడిగింది. "టీచర్, మనకన్నా ఆటికే నయం గదా?"

అంతే. టీచరు చీర కొంగు దోపుకుంది. "విప్పండర్రా! ఏదైతే అదవుద్ది. తినండి!"

"చిరగ్గొట్టకండి," అని అరిచింది తిరుపతమ్మ. "తడిగుడ్డ అద్దితే ఊడొస్తాయి. మైదా పిండితోనే గదా అంటించింది!" అందరూ మింగేస్తుంటే ఆ పిల్ల తన సున్నుండ మాత్రం తినలేదు. ఎడమ అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తూ, గట్టు దిగి నీటి అంచున నల్లటి బంకమట్టి ఇంత తీసింది. కుడిచేత్తో ఉండ చేసింది. రెండు చేతులూ తక్కెడలా ఆడించి చూసింది.

"ఏం చేస్తన్నావే?"

"మా నాన్న కుండకి ముద్ద చేత్తోనే తూస్తాడు టీచర్. నాక్కూడా వచ్చు. ఉత్త మట్టయితే బరువెక్కువుంటది, ఊక కలపాలి. ఎండితే తగ్గుద్ది, అందుకని ఇప్పుడే కాస్త ఎక్కువ పెట్టాలి." మొహంలో నవ్వు లేదు. వృత్తి పని చేసుకునేటప్పుడు కోటయ్య మొహం కూడా అలాగే ఉంటుంది.

పక్క కళ్లం నుంచి ఊక తెచ్చేవాళ్లు తెచ్చారు, పిసికేవాళ్లు పిసికారు. తుమ్మచెట్టు జిగురు గోకి తెచ్చి బాజీ చీటీలు అతికించాడు. ప్రతి ఉండా తిరుపతమ్మ చేతి మీదుగా పోవలసిందే. నలభై ఒకటో మట్టి ఉండ కవర్లోకి వెళ్లాక, అప్పుడు తన సున్నుండ నోట్లో వేసుకుంది ఆ పిల్ల.

టీచరు చూస్తూ కూర్చుంది. ఆపాలనిపించింది. ఆపితే పరీక్ష రద్దు. పిల్లలు నలభై ఒక్క మందీ పక్షుల్ని చూసేశారు గనక తనకిప్పుడు ఏమైనా ఫర్వాలేదు, సస్పెండే కదా అనుకుంది. ఆ వెంటనే రేపు నాలుగో తరగతి నుంచి పైకొచ్చే పిల్లలు గుర్తొచ్చారు.

మూడు రోజుల తర్వాత మండలి సమావేశం. ఈసారి అధ్యక్షులు మార్తాండరావు గారు స్వయంగా వేంచేశారు. భారీ మనిషి, భారీ మాట. నలభై ఒక్క పొట్లాలు బల్ల మీద వరసగా కూర్చున్నాయి. ఎదురుగా కుర్చీ అంచున సుభాషిణి టీచరు కూర్చుని, లేని సుద్దముక్క కోసం వేళ్లు నలుపుకుంటోంది.

చీటీలు చెక్కుచెదరలేదు. ఏకాంబరం గారు తూచాడు. నలభై. నలభై. నలభై. పదిహేడోది నలభై ఒకటి వచ్చింది. "అనుమతించదగిన వ్యత్యాసం," అన్నాడు, గబగబా టిక్కు పెడుతూ. బల్ల మీంచి వదిలాడు. ధబ్బుమంది. పగుల్లేదు, ఈసారి దొర్లనూ లేదు. నూనె కాగితం మీద పెట్టాడు, మరక లేదు. ఎండలో పెట్టాడు, కరగలేదు. పంకా కింద పెట్టాడు, పంకాయే తిరుగుతోంది గానీ ఉండ కదల్లేదు.

"పిపీలికా పరీక్ష," అన్నారు అధ్యక్షుల వారు.

చీమలు కోలుకున్నాయి. ఉండని పెట్టెలో పెట్టగానే బిలబిలా వచ్చాయి. టీచరు కళ్లు మూసుకుంది. చీమలు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాయి, ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి, వరసగా వెనక్కి పోయాయి.

ఏకాంబరం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సార్, పందొమ్మిది! పందొమ్మిది గళ్లూ! నా సర్వీసులో మొదటిసారి సార్."

మార్తాండరావు గారు లేచి ఒక ఉండని అరచేతిలోకి తీసుకున్నారు. వాసన చూశారు. కళ్లరమోడ్చారు. "ఆహా! తొలకరి జల్లు పడినప్పటి సువాసన. మన నేల పరిమళమిది. ఇదీ మన సంప్రదాయ ఆహారమంటే! ఈ పిజ్జాలూ బర్గర్లూ దీనిముందు ఏపాటివి? ఒక్కటి రుచి..." అంటూ నోటి దగ్గరికి తీసుకెళ్లారు.

టీచరు కుర్చీలోంచి సగం లేచింది.

"సార్! నియమం పద్నాలుగు!" అని ఏకాంబరం గారు ఆయన మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "నమూనాలు భక్షింపరాదు."

అధ్యక్షుల వారి నోరు తెరిచి ఉంది. ఉండకీ నోటికీ మధ్య జానెడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నియమావళి నెగ్గింది. ఆయన భారంగా ఉండని కవర్లో పెట్టేశారు. టీచరు ఆ క్షణాన నూట పన్నెండు పేజీలకీ మనసులో సాష్టాంగపడింది.

"పోనీ, రుచి ఎలా ఉంటుందమ్మా?" అని అడిగారు వెళ్లబోతూ, చిన్నపిల్లాడిలా.

"పిల్లలెవరూ ఇంతవరకూ వంక పెట్టలేదండి," అంది సుభాషిణి టీచరు. అందులో అబద్ధమేముంది?

పదిరోజుల్లో ఉత్తర్వు వచ్చింది. కొల్లివారిపాలెం సున్నుండను జిల్లా ప్రామాణిక చిరుతిండిగా ప్రకటించడమైనది. ఇకపై ఏ బడి పిల్లలు యాత్రకు వెళ్లినా తలకొక ప్రామాణిక ఉండ బస్సులో తీసుకెళ్లి, యథాతథంగా తిరిగి తీసుకురావలెను. ప్రామాణిక ఉండ బస్సులో ఉన్నచో పిల్లలు ఇంటినుండి తెచ్చుకొను ఇతర తినుబండారముల విషయమై మండలికి అభ్యంతరము లేదు.

అప్పట్నుంచీ యాత్రలే యాత్రలు. ఒక రేకు పెట్టెలో, మండలి తిరిగిచ్చిన ఆ నలభై ఒక్క ఉండలే బళ్ల వెంట తిరుగుతున్నాయి. జంతికలు కరకరలాడిస్తూ, అరటితొక్కలు సంచుల్లో వేసుకుంటూ, చుట్టుపక్కల ఎనిమిది బళ్ల పిల్లలు మరుసటేడు గూడబాతుల్ని చూసొచ్చారు. పెట్టె సీటు కింద నిమ్మళంగా కూర్చుని వెళ్లి, నిమ్మళంగా తిరిగొచ్చింది.

ఒకరోజు మండలి నుంచి టీచరుకి మళ్లీ కవరొచ్చింది. ఏకాంబరం గారి సంతకం, జవాబుకొక ఖాళీ గడి. "ప్రామాణిక ఉండ నిల్వకాలము ఎన్ని దినములో తెలుపవలెను. నిల్వకాలమును పెంచు మార్గములున్నచో సూచింపవలెను." పెట్టె తీసి చూస్తే తిరుగుడికి రెండు ఉండలు బీటలిచ్చి ఉన్నాయి. ఆదివారం పూట, ఆరో తరగతికి పోయిన తిరుపతమ్మని ఇంటినుంచి పిలిపించింది.

తిరుపతమ్మ బీటల మీద వేలు రాసి చూసింది, వాళ్ల నాన్నలాగే పెదవి విరిచింది.

"పచ్చివి గదా టీచర్, ఎన్నాళ్లుంటాయి? ఎల్లుండి మా నాన్న ఆవం పెడతన్నాడు. కుండల మజ్జెన పెట్టి ఒక్క వాయి కాల్చేద్దాం. వందేళ్లని రాసెయ్యండి."

సుభాషిణి టీచరు కలం తీసి, గడిలో నూరు సంవత్సరములు అని రాసింది.